కోసి పంచిన రుమాలు

రాస్ తనూరాలో శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ భోజనాలయ్యాక, రామప్రసాద్ గారి విల్లాలో తెలుగు సంస్కృతిని కాపాడే పని మొదలవుతుంది. ఆయన రిఫైనరీ పనులు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో ప్రాజెక్టు మేనేజరు. తూర్పు తీర తెలుగు సమితికి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ పదవికి ఎన్నిక ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తులేదు. సమితి సభ్యుల్లో ముప్పాతికమంది ఆయన కింద పనిచేసే ఇంజనీర్లే కాబట్టి, ఆఫీసులో ఎలా తలలూపుతారో ఇక్కడా అలాగే ఊపుతారు.

ఆవేళ చర్చ కంపెనీ జరపబోయే సాంస్కృతిక దినం గురించి. ఒక్కో దేశంవాళ్ళకు రిక్రియేషన్ హాల్లో ఒక్కో స్టాలు, వేదిక మీద కాసేపు సమయం. మన దేశంవాళ్ళు మాత్రం ఒకే స్టాల్లో ఇమడలేరని తెలిసి, కంపెనీవాళ్ళే ముందుజాగ్రత్తగా భాషకొకటి ఇచ్చారు.

"మన పక్కన ఎవరయ్యా?" అన్నారు రామప్రసాద్, మిరపకాయ బజ్జీ అందుకుంటూ.

"ఫిలిప్పీన్స్ వాళ్ళు సార్," అన్నాడు కార్యదర్శి ధీరజ్.

"అయితే మనం గెలిచినట్టే. వాళ్ళకి కల్చర్ ఎక్కడిది? పేర్లు స్పెయిన్‌వి, పాటలు అమెరికావి. ఒక కరవోకే మైకు, ఒక ఎండుచేప. ఎవరో యూనివర్సిటీ మ్యూజియం నుంచి ఏదో దుప్పటి తెప్పిస్తున్నారట. దుప్పటి! మనది వేల ఏళ్ళ హెరిటేజ్!"

అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్విన పెద్దమనుషుల్లో ఒక్కొక్కరినీ నిలబెట్టి, నీ జిల్లాలో పుట్టిన పాత కళ ఒక్కటి చెప్పవయ్యా అంటే, ఫోను తీసి వెతుక్కోనివాడు ఒక్కడూ ఉండడు. పక్కవాడి వారసత్వాన్ని వెక్కిరించడానికి మాత్రం ఎవరికీ ఏమీ వెతుక్కోవాల్సిన పనిలేదు. మన జనానికి అది నోటికి వచ్చిన విద్య.

సుప్రజ నవ్వలేదు గానీ అడ్డమూ చెప్పలేదు. ఆమె అక్కడి పాలిక్లినిక్‌లో పళ్ళ డాక్టరు. భర్త శరత్ రామప్రసాద్ గారి కింద ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు. రోజూ తన పక్కన నిలబడి పనిచేసే ఫిలిపీనో నర్సులను, మీ ఊళ్ళో ఏముంటాయమ్మా అని ఆమె కూడా ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఆమె ఆరోజు ఒక పని మీద వచ్చింది. సంచిలోంచి తెల్లటి నూలుగుడ్డ మూట తీసి, బల్ల మీద విప్పింది. లోపల ఎరుపు, నలుపు, తెలుపు గళ్ళ రుమాలు. గడికొక బొమ్మ. ఒకదాంట్లో చుక్క, ఒకదాంట్లో పువ్వు, నాలుగు మూలల గళ్ళలో నాలుగు తెరచాప ఓడలు. విప్పగానే గదంతా పాత నూనె వాసన వేసింది.

"తేలియా రుమాలండీ. మా ముత్తాత చీరాలలో నేసింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో రోజుల తరబడి నానబెట్టి నేసేవాళ్ళట. ఇక్కడి అరబ్బులు వీటినే తలకు చుట్టుకునేవాళ్ళట. ఓడల్లో వచ్చేవి. నేను సౌదీ వస్తుంటే మా అమ్మ చేతిలో పెట్టింది. ఇలాంటిది ఇక మా ఇంట్లో ఎవరి దగ్గరా లేదు. స్టాల్లో అద్దాల పెట్టెలో పెడితే బాగుంటుందని..."

రామప్రసాద్ గారి కళ్ళు మెరిశాయి. "ఒరిజినలేనా?"

"ఒరిజినలేనండీ."

"అమ్మా సుప్రజా, ఈసారి ఈవెంట్ మనదే! ఇది నాకొదిలెయ్. దీన్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెడతాను."

ఆమె నమ్మింది. మూట కట్టి మరీ ఇచ్చింది. అధ్యక్షుడి చేతిలో పెట్టిన వస్తువు భద్రంగా ఉంటుందనుకోవడం చదువుకున్నవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు.

కార్యక్రమానికి ముందురోజు, గురువారం మధ్యాహ్నం సుప్రజ క్లినిక్‌లో సెలవు పెట్టి, స్టాలు సర్దడానికి హాలుకు వెళ్ళింది. తెలుగు స్టాల్లో థర్మాకోల్ గోపురం లేస్తోంది. ప్లాస్టిక్ మామిడాకులు వేలాడుతున్నాయి. పక్క స్టాల్లో ఒక నడివయసు ఆవిడ, పొడవాటి కర్రకు ఒక దుప్పటిని చుట్టి, మడత పడకుండా నెమ్మదిగా దింపుతోంది. నలుపు తెలుపు గీతలు ఒకదాన్నొకటి తోసుకుంటూ సుడి తిరుగుతున్నాయి. కాసేపు చూస్తే కళ్ళు తిరిగేలా ఉంది.

"సుడిగాలి," అందావిడ నవ్వి, ఇంగ్లీషులో. "దీన్ని చూస్తే దయ్యాలకు కూడా కళ్ళు తిరిగి, దారి తప్పి పోతాయని మా ముసలివాళ్ళ నమ్మకం."

ఆవిడ పేరు మారిసెల్. ఉత్తర ఫిలిప్పీన్స్‌లోని ఒక చిన్న యూనివర్సిటీ మ్యూజియంలో పాత బట్టల విభాగానికి బాధ్యురాలు. రిఫైనరీలో పనిచేసే భర్తను చూడటానికి విజిట్ వీసా మీద వచ్చింది.

"ఎన్నేళ్ళ నాటిదండీ?" అంది సుప్రజ.

"నిరుడు నేసింది."

వెనక నుంచి ధీరజ్ ఇదంతా వింటున్నాడు. "డూప్లికేట్ మేడమ్! సార్‌కి చెప్పాలి," అని తెలుగులో అని, పకపకా నవ్వి వెళ్ళిపోయాడు. మారిసెల్‌కు మాట అర్థం కాకపోయినా నవ్వు అర్థమైంది. అలాంటి నవ్వులు ఆవిడకు కొత్త కాదు కాబోలు, ఏమీ అనుకోలేదు.

"అసలుది మా మ్యూజియం సొరుగులో ఉంది. వెలుతురు తగలకుండా, మడత పడకుండా. దానికి ప్రయాణాలు లేవు," అంది. "మా ఊళ్ళలో ఈ అల్లిక ఇంటింటా ఉండేది. తర్వాత ఆ ఇళ్ళ కూతుళ్ళు ఇక్కడికి వచ్చేశారు. రియాద్‌కి, జెడ్డాకి, ఇళ్ళలో పనికి, ఆస్పత్రుల్లో పనికి. మగ్గాలు పొయ్యిలోకి పోయాయి. ఈ సుడి నేయడం తెలిసిన ముసలమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె పోయినప్పుడు ఆమె నేసిన దుప్పట్లు రెండున్నాయి. మా ఆచారం ప్రకారం ఒకటి ఆమెతో పాటే మట్టిలోకి వెళ్ళింది. రెండోదాని కోసం మా ప్రొఫెసర్ ఆ ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగాడో! వాళ్ళు తిట్టారు, తలుపేశారు. చివరికి ఇచ్చారు."

"ఇచ్చాక?"

"మొదట గీశాం. తర్వాత ఒక్కో పోగూ లెక్కపెట్టాం. అదే మా విద్యార్థులకు పాఠం. విసుక్కునేవాళ్ళు. గీసింది పూర్తయ్యాక మ్యూజియం వెనక గదిలో మగ్గం పెట్టించి, నేసే మనిషి కోసం వెతికాం. ఎవరు వచ్చారో తెలుసా? ఆ ముసలమ్మ మనవరాలే. రియాద్‌లో ఒక ఇంట్లో చాన్నాళ్ళు పనిచేసి తిరిగొచ్చింది. నాయనమ్మ దగ్గర నేర్చుకోవడానికి ఆమెకు వీలు పడలేదు. ఆ నాయనమ్మ చేతిపని మా సొరుగులో ఉంది కాబట్టి దాన్ని చూసి నేర్చుకుంది. ఈ దుప్పటి ఆమె నేసిందే."

సుప్రజ దుప్పటి దగ్గరికి వంగి ఆ పోగుల్ని చూసింది. మ్యూజియం అంటే ఆమెకు తెలిసింది బడి పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్ళే చోటు. అద్దాల వెనక విరిగిన విగ్రహాలు, కునుకు తీసే కాపలావాడు. పోయిన మనిషి చేతిలోని విద్యను పట్టుకొచ్చి, మళ్ళీ ఆ ఇంటి పిల్ల చేతికే అప్పగించే చోటు అని ఎవరూ ఆమెకు చెప్పలేదు.

"మేమేదో మహానుభావులమని అనుకోకండి," అంది మారిసెల్. "మ్యూజియం లేని రోజుల్లో మా యూనివర్సిటీవాళ్ళే ఇలాంటి పాత దుప్పటిని స్నాతకోత్సవంలో బల్ల మీద పరిచి, ఫలహారం ప్లేట్లు పెట్టారు. ఆ మరక ఇప్పటికీ ఉంది. మేం దాన్ని ఉతకలేదు. కొత్తగా చేరే విద్యార్థులకు ముందు ఆ మరకే చూపిస్తాం. సరే, మీ స్టాల్లో ఏం పెడుతున్నారు?"

సుప్రజ రుమాలు గురించి చెప్పింది. మారిసెల్ చేతిలో పని ఆపేసింది. "నూలును ముందే ముడులు కట్టి రంగులు అద్ది నేస్తారే, అదేనా? చూపిస్తారా? దయచేసి!"

సుప్రజ సంబరంగా ధీరజ్ దగ్గరికి పరుగెత్తింది.

"రుమాలా? ఫ్రేమింగ్‌కి ఇచ్చాం మేడమ్, రహీమా బజార్లో."

"అంత పెద్ద ఫ్రేము దొరికిందా?"

ధీరజ్ ముఖం వెలిగిపోయింది. "పెద్దది కాదు మేడమ్. సర్‌ప్రైజ్ అనుకున్నాం, చెప్పేస్తున్నా. సార్ ఐడియా. చీఫ్ గెస్టుకి, స్పాన్సర్లకి, కమిటీ మెంబర్లకి మెమెంటోలు. ఒక్కొక్క ఫ్రేములో ఒక్కొక్క ఒరిజినల్ పీస్! మీక్కూడా ఒకటుంది మేడమ్."

పాఠకులారా, మనవాళ్ళకు ఒక వస్తువు మీద గౌరవం పుట్టిందంటే దానికి ఆయువు మూడినట్టే. దాన్ని శాలువాలాగా కప్పాలి, లేదా మెమెంటోలాగా ఇవ్వాలి. మూడో మర్యాద మనకు తెలియదు.

సుప్రజ కారు తీసుకుని రహీమా వెళ్ళేసరికి సాయంత్రపు అస్ర్ నమాజుకు దుకాణం షట్టరు దించి ఉంది. కారులో కూర్చుని ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంకా కోసి ఉండడు, ఇంకా కోసి ఉండడు అని తనలో తనే జపం చేసుకుంది. షట్టరు లేవగానే లోపలికి దూసుకెళ్ళింది.

ఫ్రేములు కట్టే ఆఫ్తాబ్ ముల్తాన్ మనిషి, పళ్ళ నొప్పికి ఆమె దగ్గరికే వచ్చేవాడు. చిరునవ్వుతో ఎదురొచ్చాడు. "అరే డాక్టర్ సాహిబా, మీరెందుకు వచ్చారు? కామ్ హో గయా, పనైపోయింది. పొద్దుటే సార్ డ్రైవరు వచ్చి తీసుకెళ్ళాడు. కపడా బహుత్ మజ్బూత్ హై, నా కత్తెర పదును పోయింది!"

కౌంటరు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. గళ్ళు కోసుకున్నాక మిగిలిన అంచు ముక్కలు. "యే వేస్ట్ హై, కావాలంటే తీసుకోండి."

ఆమె కారులో కూర్చుని ఆ కవరును ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. దాంట్లో ఇంకా ఆ నూనె వాసన ఉంది. అమ్మ తన చేతిలో పెట్టినదాన్ని తనే మూటకట్టి కత్తెరకు అందించింది. దుఃఖం కంటే అవమానమే ఎక్కువగా బాధించింది.

అక్కడి నుంచే రామప్రసాద్‌కు ఫోను చేసింది. ఆయన తడుముకోకుండా జవాబిచ్చారు. "గళ్ళు గళ్ళుగా ఉంది కదమ్మా, కోయడానికే నేసినట్టుంది. సరిగ్గా గీతల మీదే కోయించాను, ఒక్క బొమ్మ కూడా చెడలేదు. బీరువాలో పడుండేది, ఇప్పుడు ఇంతమంది గోడల మీదికి వెళ్తోంది. హెరిటేజ్‌ని ప్రమోట్ చేయడమంటే ఇదే కదా! స్టేజి మీద నీ పేరు కూడా చెబుతాన్లే."

ఇంటికొచ్చాక శరత్ ఆమె ముందు చేతులు జోడించినంత పనిచేశాడు. "సుప్రజా, అయిందేదో అయింది. ఈ నెల్లోనే నా కాంట్రాక్టు రెన్యువల్. సంతకం ఆయనది. ఆయన వద్దంటే ఇఖామా లేదు, ఈ దేశంలో ఉండే అనుమతే లేదు. రేపొక్కరోజు నోరు మెదపకు."

"మన ఇంటి వస్తువు శరత్."

"గుడ్డముక్కే కదా!"

అయినా ఆమె మర్నాడు నోరు మెదపకూడదనే అనుకుని హాలుకు వెళ్ళింది.

శుక్రవారం సాయంత్రం హాలు కిటకిటలాడింది. ముఖ్య అతిథి అబూ నాసర్, ఓడరేవు టెర్మినల్‌లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన సౌదీ వృద్ధుడు. ఆ చుట్టుపక్కల అందరికీ ఆయనంటే గౌరవం. స్టాళ్ళన్నీ నింపాదిగా చూశారు. ఫిలిప్పీన్స్ స్టాలు దగ్గర మారిసెల్ చెప్పేది నిలబడి చాలాసేపు విన్నారు. రామప్రసాద్ గారు వాచీ చూసుకుంటూ, ఆ డూప్లికేట్ దుప్పటి దగ్గర ఈయనకేం పని అని సణుక్కున్నారు.

తర్వాత తెలుగువారి వంతు. ముందు శాలువా. తర్వాత పూలగుత్తి. తర్వాత ఉపన్యాసం. వేల ఏళ్ళు అనే మాట ఎన్నిసార్లు దొర్లిందో చెప్పలేం. చివరికి స్పాన్సర్లనూ కమిటీవాళ్ళనూ వేదిక మీద వరసగా నిలబెట్టి, బంగారు రంగు ఫ్రేములు అందించారు. అబూ నాసర్‌కు ఓడ బొమ్మ ఉన్న ముక్క వచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చూశారు. చాలాసేపు చూశారు. రామప్రసాద్ గారు ఫొటోగ్రాఫరుకు సైగ చేశారు.

"నాకిది తెలుసు," అన్నారు అబూ నాసర్ మైకులో, ఇంగ్లీషులో. "మాది తారూత్ దీవి. మా నాన్న ముత్యాల పడవల మీద తిరిగిన మనిషి. బొంబాయి నుంచి వచ్చే ఓడల్లో ఈ రుమాలు తెప్పించుకునేవాడు. ఎండలో తల చల్లగా ఉంటుందనేవాడు. నేను చిన్నప్పుడు ఆయన భుజమెక్కితే ముక్కుకు తగిలిన వాసన ఇదే. ఈ అద్దం లేకపోతే ఇప్పుడే వాసన చూసేవాణ్ణి." రామప్రసాద్ వైపు తిరిగారు. "మిగతా రుమాలు ఎక్కడుంది?"

"ఇక్కడే సర్! అందరి చేతుల్లో! అందరివీ ఒరిజినలే!"

ముసలాయన వరసలో ఉన్న ఫ్రేములన్నిటినీ ఒక్కొక్కటిగా చూశారు.

"మీరు కోశారా?"

రామప్రసాద్ గారి నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, ఎటు పోవాలో తెలియనట్టు.

"మా నాన్న రుమాలును మేము కూడా దాచుకోలేదు," అన్నారు అబూ నాసర్. "ఆయన పోయాక దాంతో పడవ తుడిచాం. అప్పుడు మా బుద్ధి అంతే. కానీ ఆ పనికి మేం సత్కారమని పేరు పెట్టుకోలేదు. ఇందాక పక్క స్టాల్లో చూశాను. ఆ దేశంవాళ్ళు అసలుదాన్ని తమ యూనివర్సిటీలో జాగ్రత్తగా ఉంచి, కొత్తగా నేసినదాన్ని ఇక్కడికి తెచ్చారు. వాళ్ళ మనవలకు అసలుదీ ఉంటుంది, నేసే విద్యా ఉంటుంది. మీరు అసలుదాన్ని కోసి మాకు పంచారు. రేపు మీ పిల్లలకు ఏం చూపిస్తారు? నా గోడనా?" ఆగి అడిగారు. "దీన్ని నేసినవాళ్ళ బిడ్డలు ఎవరైనా ఇక్కడున్నారా?"

శరత్ సుప్రజ మణికట్టు పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుని లేచింది. నేరుగా వేదిక ఎక్కింది.

అబూ నాసర్ రెండు చేతులతో ఫ్రేమును ఆమెకిచ్చారు. "అమ్మా, ఇది నాది కాదు," అన్నారు.

ఆమె అక్కడితో ఆగలేదు. వరస వెంట నడిచి, ఒక్కొక్కరి ముందూ చెయ్యి చాచింది. కొందరు సిగ్గుపడి ఇచ్చారు. ఒక స్పాన్సరు దీని బదులు ఇంకేమైనా ఇస్తారా అని నెమ్మదిగా వాకబు చేశాడు. ధీరజ్ తన ఫ్రేమును వీపు వెనక దాచుకుని, ఆమె కదలకపోయేసరికి బయటికి తీశాడు.

"సుప్రజ గారూ, ప్రోటోకాల్!" అని పళ్ళ సందున అన్నారు రామప్రసాద్. "శరత్ సంగతి కూడా కాస్త ఆలోచించండి."

"ఆలోచించే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను సార్. మీ చేతిలోదీ, నాకని ఉంచిందీ ఇవ్వండి."

ఆయన ఇచ్చారు. హాలంతా చూస్తుంటే ఇవ్వక ఏం చేస్తారు? శరత్ మాత్రం తన కుర్చీలోంచి లేవలేదు. అప్పుడే ఏదో ముఖ్యమైన సందేశం వచ్చినట్టు ఫోనులోకి తల దూర్చేశాడు.

మారిసెల్ అప్పటికే తన బల్ల ఖాళీ చేసి, తెల్ల గుడ్డ పరిచింది. ఇద్దరూ ఫ్రేముల వెనక మేకులు ఊడదీసి, ముక్కల్ని బయటికి తీశారు. కొన్నిటికి జిగురు అంటింది. సుప్రజ కవరులోని అంచులు తీసి చుట్టూ పేర్చింది. రుమాలు మళ్ళీ రుమాలు ఆకారానికి వచ్చింది. ఒక మూల గడి మాత్రం ఖాళీగా ఉండిపోయింది. ఆ ముక్క అందుకున్న స్పాన్సరు ఫొటో దిగి, వెంటనే దమ్మాం వెళ్ళిపోయాడు.

"ఎదుటి మూల చూస్తే అక్కడేముండేదో తెలుస్తుంది," అంది మారిసెల్, భూతద్దంతో పోగులు చూస్తూ. "కూర్చోండి, గీద్దాం. గీసింది మీ ఊరి దగ్గరి యూనివర్సిటీకి ఒకటి ఇవ్వండి, నేసేవాళ్ళకు ఒకటి ఇవ్వండి. మళ్ళీ నేయొచ్చు. మీ ముత్తాత నేసినది మాత్రం తిరిగి రాదు. అది మీతో అబద్ధం చెప్పలేను."

సుప్రజ కళ్ళు తుడుచుకుని పెన్సిలు అందుకుంది.

కార్యక్రమం ముగిశాక రామప్రసాద్ గారు ఆ బల్ల దగ్గరికి వచ్చారు. గొంతులో పెద్దరికం సర్దుకున్నారు. "ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? ఆన్‌లైన్‌లో వెతికితే ఇలాంటివి బోలెడు. సమితి తరఫున నీకు కొత్తది తెప్పిస్తాను. మన కల్చర్ మీద నాకు లేని ప్రేమా?"

సుప్రజ గీస్తున్న గడి పూర్తిచేసి, అప్పుడు తలెత్తింది.

"సార్, ఇది మీది కాదు, నాదీ కాదు. మనవల చేతికి అందేదాకా దాచమని పెద్దవాళ్ళు మన దగ్గర ఉంచిన పరాయి సొమ్ము. దాన్ని దాచడం చేతకానివాడు వేదిక ఎక్కి సంస్కృతి పేరెత్తకూడదు."